నెగటివ్ వచ్చిన మర్నాటి నుంచి

(చెన్నై మైలాపూరులో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన తెలుగువాళ్ళ సభలో కోవిడ్ తీవ్రంగా వచ్చి తగ్గినవాళ్ళ గురించి ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం. మాటల్లో రెండుసార్లు దొర్లినవి కొన్ని తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? సరే.

కార్డులో డాక్టరమ్మ ప్రసంగం అని వేశారు. నేను డాక్టర్ని కానండీ, ఫిజియోథెరపిస్టుని. జబ్బుపడి లేచినవాళ్ళ చేత సరిగ్గా ఊపిరి తీయించడం, నిలబెట్టడం, నడిపించడం నా పని. ఇరవై ఏళ్ళుగా పెరంబూరు నుంచి తాంబరం దాకా ఇళ్ళు తిరుగుతున్నాను. డాక్టరుగారు రోగిని పది నిమిషాలు చూస్తారు. నేను వాళ్ళింట్లో ముప్పావుగంట ఉంటాను, కాఫీ కూడా తాగుతాను. కాబట్టి మందుల సంగతి నాకు కొంచెమే తెలుసు, మెట్ల సంగతి బాగా తెలుసు. మెట్లతోనే మొదలుపెడతా.

చూళైమేడులో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు చెప్పను. ఈ ఊళ్ళో తెలుగు అచ్చుపని జోరుగా సాగిన రోజుల్లో ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చే కంపోజిటరుగా చేరి, ఆ అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాక ప్రూఫులు దిద్దుకుంటూ రిటైరైన మనిషి. 2021 మే నెలలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరారు. 23 రోజులున్నారు, అందులో 11 రోజులు వెంటిలేటరు మీద. బతికి బయటపడ్డారు. గండం గడిచి పిండం బయటపడిందని వాళ్ళావిడ కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళ ఇల్లు మొదటి అంతస్తు. మనం ఇక్కడ మేడ అనడం మానేసి మాడి అంటున్నాం కదా, ఆ మాడికి 17 మెట్లు. అంబులెన్సు కుర్రాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళి పైన దించారు. ఆ తరవాత నాలుగు నెలలు ఆయన కిందికి దిగలేదు.

నేను మొదటిరోజు వెళ్ళినప్పుడు కోడలు తలుపు తీసి, లోపలికి వినపడకుండా అడిగింది. "నెగటివ్ వచ్చి నెల దాటిందండీ. మావయ్యగారు ఇంకా లేవరేమిటి? భయమా, బద్ధకమా?" ఆ పిల్లని నేను తప్పుపట్టను. రెండు గదుల ఇల్లు, ఇద్దరు పిల్లలకి ఒకటే ఫోన్లో క్లాసులు, భర్తకి సగం జీతం. డిశ్చార్జి కాగితం అడిగి చూశాను. మందుల పట్టీ ఉంది. విడిగా ఉండమని ఉంది. మాస్కు పెట్టుకోమని ఉంది. ఈ మనిషి తనంతట తాను మంచం మీంచి లేవలేడు అన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ కాగితంలో రాయకుండా వదిలేసిన భాగం.

నెగటివ్ వేరు, నయం వేరు అన్నది ఈ ఊరి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. గాయకుడు బాలుగారు 2020 ఆగస్టు 5న ఆసుపత్రిలో చేరారు. సెప్టెంబరు మొదట్లో నెగటివ్ వచ్చిందని వాళ్ళబ్బాయి చెబితే మా ఇంట్లో పాయసం చేసుకున్నాం. సెప్టెంబరు 25న ఆయన వెళ్ళిపోయారు. వైరస్ పోయినా ఊపిరితిత్తులు తేరుకోకపోవచ్చని మనలో చాలామందికి ఆ మధ్య రోజుల్లోనే తెలిసింది. అంతకు నెల ముందు ఇదే ఊళ్ళో, కోవిడ్‌తో ఊపిరితిత్తులు పూర్తిగా పాడైన ఒక రోగికి రెండూ తీసేసి వేరేవి పెట్టారు కూడా.

అప్పట్లో రోజూ సాయంత్రం బులెటిన్ వచ్చేది, గుర్తుందా? కొత్త కేసులు ఇన్ని, మరణాలు ఇన్ని, కోలుకున్నవారు ఇంతమంది. దేశం మొత్తం మీద లెక్కకెక్కిన కేసులు దాదాపు 4.5 కోట్లు, మరణాలు 5.3 లక్షల పైన. తక్కినవాళ్ళందరినీ కోలుకున్నవారి గడిలో వేశారు. వారం రోజులు జలుబు చేసి తగ్గిన నేనూ ఆ గడిలోనే, నాలుగు నెలలు మెట్లు దిగని ఆయనా ఆ గడిలోనే.

లాంగ్ కోవిడ్ అన్న మాట పుట్టించింది డాక్టర్లు కాదు, రోగులు. 2020 మే నెలలో ఎలీసా పెరెగో అనే ఇటలీ ఆవిడ, తనూ ఆ జబ్బు పడ్డ మనిషి, ట్విట్టర్లో ఆ మాట వాడింది. ఆవిడ వృత్తి పురావస్తు పరిశోధన. తవ్వి చూసే అలవాటు ఉన్నవాళ్ళకే కనపడింది చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దానికి నిర్వచనం ఇచ్చింది. జబ్బు మొదలైన మూడు నెలలకి కూడా బాధలు ఉండి, అవి కనీసం రెండు నెలలు సాగి, వాటికి ఇంకో కారణం దొరక్కపోతే దాని కింద లెక్క. ఆ నిర్వచనంలో తేలిగ్గా జబ్బు చేసినవాళ్ళూ వస్తారు. నేను మాత్రం ఆక్సిజను, వెంటిలేటరు దాకా వెళ్ళి వచ్చినవాళ్ళ గురించే ఎక్కువ చెబుతాను. వాళ్ళ ఒంట్లో వైరస్ చేసిన పని ఒకటుంటుంది, బతికించడానికి వాడిన మందులూ గొట్టాలూ చేసిన పని ఇంకొకటుంటుంది, అంతకుముందే లోపల నక్కి ఉండి అప్పుడు బయటపడ్డ షుగరో బీపీయో ఉంటుంది. మూడూ కలిసి ఒకే మాటగా బయటికొస్తాయి: "నీరసంగా ఉందండీ."

నా శాఖ కండ కాబట్టి దాని గురించి కాస్త నిదానంగా చెప్పనివ్వండి.

కోవిడ్‌కి చాలా ముందే, 2013లో, లండన్ డాక్టర్లు ఐసీయూ రోగుల తొడ కండని అల్ట్రాసౌండ్‌తో రోజుల వారీగా కొలిచారు. పది రోజుల్లో అది దాదాపు 18 శాతం తగ్గిపోయింది. పది రోజుల్లో! మంచం మీద కదలకుండా ఉండటం, ఒళ్ళంతా వాపు, జ్వరం, తిండి లేకపోవడం, అన్నీ కలిసి కండని కరిగిస్తాయి. ఊపిరి తీసే కండ, అదే మన డొక్కల కింద గొడుగులా ఉండే డయాఫ్రం, దాని పని యంత్రం చేస్తుంటే అదీ పల్చబడుతుంది. అందుకే ఇంటికొచ్చాక స్కాన్‌లో ఊపిరితిత్తులు ఫరవాలేదన్నా మనిషికి ఆయాసం తగ్గదు. ఇంట్లోవాళ్ళు "స్కాన్ బాగానే ఉందిగా" అంటారు.

అప్పుడు మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? పథ్యం పెడతాం. చారన్నం, గంజి, ఇడ్లీ, మెత్తటి అన్నంలో మజ్జిగ. కదలొద్దు నాయనా, పడుకో. ప్రేమతోనే. కానీ కండ తిరిగి పట్టాలంటే దానికి పప్పు కావాలి, గుడ్డు కావాలి, పెరుగు, శనగలు, చేప, మీకు అలవాటున్నది ఏదైనా కావాలి. అరవై కిలోల మనిషికి కోలుకునే రోజుల్లో రోజుకి డెబ్భై ఎనభై గ్రాముల ప్రోటీన్ అవసరం. గుడ్డులో ఆరు గ్రాములు. చారులో ఏముంది, మిరియాల ఘాటు తప్ప. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఈ లెక్క పట్టుకోవద్దు. మా కంపోజిటరుగారికి పొద్దున ఇడ్లీ మాన్పించి పెసరట్టు పెట్టించడానికి వాళ్ళావిడతో నేను మూడు వారాలు పోరాడాను. జబ్బు మనిషికి పెసరట్టా, వాతం చేస్తుందని ఆవిడ. (నవ్వులు)

ఇంకోటి. మూడు బంతుల డబ్బా. ఎంతమంది ఇళ్ళల్లో ఉంది? అబ్బో, సగం హాలు చెయ్యెత్తింది. ఆ రోజుల్లో మందుల షాపుల్లో దొరకలేదు కూడా. పీలిస్తే మూడు బంతులూ పైకి లేచాయంటే ఊపిరితిత్తులు బాగుపడినట్టే అని వీడియోలు తీసి బంధువులకి పంపించారు. ఊపిరి బిగబట్టి ముప్పై లెక్కపెట్టే పరీక్ష కూడా వాట్సాప్‌లో తిరిగింది. డబ్బా వల్ల నష్టం లేదు. కానీ నా అనుభవంలో ఆయాసానికి మందు ఛాతీలో కంటే కాళ్ళలోనే ఎక్కువ దొరికింది. తొడల్లో బలం వస్తే అదే పని తక్కువ గాలితో అవుతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మొదటిరోజు పెద్దాయన రెండుసార్లు లేచారు, మూడోసారి నా భుజం పట్టుకున్నారు. నా పుస్తకంలో 2 అని రాసుకున్నా. పుస్తకంలో అంకె ఉండాలి. లేకపోతే తేడా తెలియదు, మనిషికి ఆశ పుట్టదు.

ఊపిరితిత్తుల సంగతి. మన చిత్తూరు వైపు వాళ్ళకి పెద్దాసుపత్రి అంటే వేలూరే కదా. అక్కడి సీఎంసీ వాళ్ళు మొదటి వేవ్‌లో కోవిడ్ వచ్చి తగ్గిన 207 మందిని, సుమారు రెండు నెలల తరవాత, కూర్చోబెట్టి పరీక్షించారు. దాదాపు 44 శాతం మందిలో గాలి నుంచి రక్తంలోకి ఆక్సిజను దాటే శక్తి తగ్గి ఉంది. 35 శాతం మందిలో ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవడం లేదు. లోపల వాపు తగ్గే క్రమంలో మచ్చ కడితే స్పాంజి బిరుసెక్కినట్టు అవుతుంది. చాలామందికి ఏడాది లోపల ఇది నెమ్మదిగా మెరుగవుతుంది. కొందరికి కొంత మచ్చ ఉండిపోతుంది. చైనాలో వూహాన్‌లో, మొట్టమొదట ఆసుపత్రిపాలైనవాళ్ళలో 1,192 మందిని రెండేళ్ళపాటు వదలకుండా చూశారు. ఆరు నెలలకి 68 శాతం మందికి ఏదో ఒక బాధ ఉంది, రెండేళ్ళకి 55 శాతం మందికి. తగ్గుతోంది, నిజమే. రెండేళ్ళకి కూడా సగం మంది పైన అన్నది కూడా నిజమే.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది తప్పిపోతే ప్రాణం మీదికొస్తుంది. కొళత్తూరులో ఒక ఆటో డ్రైవరు, నలభై లోపు మనిషి. వెంటిలేటరు మీంచి లేచొచ్చిన రెండు నెలలకి మళ్ళీ ఆయాసం మొదలైంది. వీధి చివర క్లినిక్‌లో ఉబ్బసం అని నోట్లోకి మందు పీల్చే పంపు ఇచ్చారు. ఆరు వారాలు పీల్చాడు, తగ్గలేదు, పెరిగింది. నేను వెళ్ళేసరికి గాలి లోపలికి తీసుకుంటుంటే సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. ఉబ్బసంలో పిల్లికూత ఎక్కువగా గాలి వదిలేటప్పుడు వినపడుతుంది. ఇతనికి తీసుకునేటప్పుడు, అదీ గొంతు దగ్గర. గొట్టం పెట్టినచోట శ్వాసనాళం లోపల పుండుపడి, మానుతూ మానుతూ దారిని ఇరుకు చేసేసింది. ఆ సాయంత్రమే పంపించాను. లోపలికి కెమెరా వేసి చూసి దారి వెడల్పు చేశారు. గొట్టం పడి వచ్చినవాళ్ళకి గొంతు బొంగురుపోవడం, మింగుతుంటే పొలమారడం కొన్ని వారాలు మామూలే. ఊపిరి పీలుస్తుంటే చప్పుడు వస్తే మాత్రం పంపులతో కాలక్షేపం చెయ్యొద్దు.

బోర్లా పడుకోబెట్టడం గుర్తుందా? ఆక్సిజను పెంచడానికి గంటలకొద్దీ బోర్లా ఉంచేవారు. మంచి పనే, ఎంతోమందిని నిలబెట్టింది. కానీ అలా ఉన్నప్పుడు కొందరికి భుజం దగ్గర నరాలు నలిగాయి. మంచాన పడి ఉండటం వల్ల మోకాలి పక్క నరం నలిగినవాళ్ళు కొందరు. నడుస్తుంటే ఒక కాలి చెప్పు తరచూ జారిపోతోందా? అది చెప్పు తప్పు కాదు, పాదం పైకి లేవడం లేదు. ఇలాంటివి చూపించుకుంటే చాలావరకు దారికొస్తాయి.

ఇక స్టెరాయిడ్లు. ఈ మాట వినగానే కొందరు మొహం చిట్లిస్తున్నారు. తొందరపడకండి. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరిశీలన ఫలితం చెప్పింది. డెక్సామెథసోన్ రోజుకి 6 మిల్లీగ్రాములు, పది రోజుల దాకా ఇస్తే, వెంటిలేటరు మీద ఉన్నవాళ్ళలో చావులు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజను మీద ఉన్నవాళ్ళలో ఐదో వంతు తగ్గాయి. ఇవాళ మన మధ్య తిరుగుతున్నవాళ్ళు కొందరు ఆ చౌకబారు మాత్ర వల్లే బతికారు. అదే పరిశీలనలో, ఆక్సిజను అవసరం లేనివాళ్ళకి దానివల్ల మేలు కనపడలేదు. ఈ రెండో ముక్క మన దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో రాలిపోయింది. సెకండ్ వేవ్‌లో వాట్సాప్ చీటీ చూసి మామూలు జ్వరానికే మొదలుపెట్టినవాళ్ళని, పది రోజులదాన్ని నలభై రోజులు మింగినవాళ్ళని నేను చూశాను. మింగొద్దని చెప్పే తీరిక ఆ మే నెలలో ఎవరికుంది లెండి.

షుగరు పెరిగింది. షుగరు పెరిగినచోట ఫంగస్ దిగింది. 2021 జూన్ నెలాఖరుకి దేశంలో బ్లాక్ ఫంగస్ కేసులు 40 వేలు దాటాయి. దాని మందు ఆంఫోటెరిసిన్ ఇంజెక్షను కోసం జనం ఊళ్ళు పట్టుకుని తిరిగారు. బతికినవాళ్ళలో కన్ను పోయినవాళ్ళున్నారు, పై దవడ తీసేసినవాళ్ళున్నారు. పై దవడ లేకపోతే నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో వస్తుంది. అంగిట్లో అమర్చే పలక చేసిపెడతారు దంతవైద్యులు, దాంతో తినొచ్చు, మాట్లాడొచ్చు. నాకు తెలిసిన ఒకావిడ ఆ పలక పెట్టించుకుని కూడా పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు. మాస్కులు పోయాయని అందరం సంతోషించాం. ఆవిడ సంతోషించలేదు.

ఎముక సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. 2021లో ముంబయి డాక్టర్లు ముగ్గురు రోగుల గురించి రాశారు. కోవిడ్ వచ్చిన సగటున 58 రోజులకే తుంటి కీలులో ఉండే తొడ ఎముక తలకి రక్తం అందక చచ్చుబడటం మొదలైంది. మామూలుగా స్టెరాయిడ్ల వల్ల ఇది రావాలంటే నెలలు, ఏడాది పడుతుంది. 2003లో చైనాలో సార్స్, అదీ కోవిడ్ లాంటి జబ్బే, తగ్గినవాళ్ళలో కూడా ఇదే చూశారు. ఎలా కనిపెడతాం? నొప్పి గజ్జల్లో మొదలవుతుంది, మోకాలి వైపు దిగుతుంది. విల్లివాక్కంలో ఒకావిడ వరలక్ష్మీ వ్రతానికి కింద బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోయారు. పీట మీద కూర్చుంటే లేవలేకపోయారు. మోకాళ్ళ అరుగుదల అని నూనె రాశారు. ఎక్స్‌రే తీస్తే మామూలుగా ఉంది. మొదట్లో ఎక్స్‌రేకి దొరకదు, ఎమ్మారైకి దొరుకుతుంది. తొందరగా దొరికితే కీలు మార్చే అవసరం రాకుండా ఆపే వీలుంటుంది. కోవిడ్‌లో స్టెరాయిడ్లు వాడినవాళ్ళు ఎవరైనా గజ్జల నొప్పి అంటే, దయచేసి నూనె సీసా పక్కన పెట్టండి.

గుండె గురించి డాక్టర్లే చెప్పాలి, నేను ఒక్క లెక్క చెప్పి దాటిపోతాను. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల రికార్డుల్లోంచి కోవిడ్ వచ్చిన 1,53,760 మందిని తీసుకుని ఏడాది చూశారు. ఆ ఫలితం 2022లో వచ్చింది. రానివాళ్ళతో పోలిస్తే గుండె బలహీనపడే ప్రమాదం 72 శాతం, పక్షవాతం ప్రమాదం 52 శాతం ఎక్కువ. ఇంట్లో ఉండి తగ్గినవాళ్ళలో కొంచెం, ఆసుపత్రిలో చేరినవాళ్ళలో ఇంకొంచెం, ఐసీయూ దాకా వెళ్ళినవాళ్ళలో అన్నిటికంటే ఎక్కువ. ఆ మాజీ సైనికులు ఎక్కువమంది వయసు మళ్ళిన మగవాళ్ళు, కాబట్టి ఆ అంకె తెచ్చి మీ ఇరవయ్యేళ్ళ అమ్మాయికి అంటించకండి. కాలి పిక్క ఒకవైపే వాచినా, ఉన్నట్టుండి ఛాతీ పట్టేసి ఆయాసం వచ్చినా ఆగకుండా వెళ్ళాలి. రక్తం గడ్డకట్టే ప్రమాదం డిశ్చార్జితో తీరిపోదు, ఊపిరితిత్తుల్లో గడ్డ విషయంలో ఆరు నెలల దాకా ఎక్కువగా ఉందని స్వీడన్ వాళ్ళు లెక్కతీశారు.

మంచినీళ్ళు... థాంక్సమ్మా.

మనసు సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. పెద్దాయన ఒకరోజు వాళ్ళావిడ వంటింట్లో ఉండగా నాతో నెమ్మదిగా అన్నారు. "అమ్మాయ్, ఆసుపత్రిలో సీలింగు మీద అక్షరాలు కనపడేవి. తిరగేసిన అక్షరాలు, మా సీసం అక్షరాల్లాగా. చదువుతుంటే జారిపోయేవి. ఎవరికీ చెప్పలేదు, పిచ్చి అనుకుంటారని." ఐసీయూలో పగలూ రాత్రీ ఒకటే వెలుతురు. మొహాలు లేని మనుషులు, కవచాల్లో. మత్తుమందు, జ్వరం, ఆక్సిజను తక్కువ. ఆ స్థితిలో చాలామందికి లేనివి కనపడతాయి. అది పిచ్చి కాదు, దానికి పేరుంది, డెలీరియం. ఆ మాట ఆసుపత్రిలో ఒక్కరు చెప్పి ఉంటే ఆయన ఏడు నెలలు ఒక్కడే మోసేవారు కాదు. ఇంకొకాయనకి మైక్రోవేవ్ మోగితే చెమటలు పట్టేవి, ఆ మానిటరు చప్పుడులా ఉంటుందని. వాళ్ళబ్బాయి మైక్రోవేవ్ అమ్మేశాడు. మంచి కొడుకు. కానీ మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళమంటే మాత్రం "ఎందుకండీ, నాన్నకి అంత అవసరం లేదు" అన్నాడు.

మతిమరుపు ఉంది చూశారూ, అది ఇంకో బాధ. ఇంగ్లండులో కేంబ్రిడ్జి ఆసుపత్రిలో తీవ్రంగా జబ్బుపడి తగ్గిన 46 మందిని పరీక్షించారు, సగటున ఆరు నెలలు గడిచాక. యాభై నుంచి డెబ్భై ఏళ్ళకి వెళితే బుర్ర ఎంత నెమ్మదిస్తుందో, సగటున అంత తగ్గుదల కనపడింది. 46 మందే, చిన్న లెక్క. కానీ నేను ఇళ్ళల్లో చూసినదానితో అది కలుస్తుంది. ప్రూఫు దిద్దిన మనిషి వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతున్నానని పేపరు మడిచి పెట్టేశారు. మేం ఏం చేశామంటే, పంచాంగంతో మొదలుపెట్టాం. తిథి, వారం, నక్షత్రం, ఒక్కో గడి. ఆ తరవాత సినిమా ప్రకటనలు. ఆ తరవాత సంపాదకీయం. ఇప్పుడు మళ్ళీ అచ్చుతప్పులు పట్టి నాకు చూపిస్తున్నారు. రోజూ దొరుకుతున్నాయట, అది వేరే విషయం. (నవ్వులు)

నడవండి, లేవండి అని ఇందాకట్నుంచీ చెబుతున్నాను కదా, దానికి మినహాయింపు ఉంది. కొంతమందికి ఇవాళ కాస్త ఎక్కువ పని చేస్తే ఇవాళ బాగానే ఉంటుంది, రేపో ఎల్లుండో ఒళ్ళంతా కూలిపోతుంది. మంచం దిగలేరు. తీవ్రంగా జబ్బు చేయనివాళ్ళలో కూడా ఇది ఉంటుంది, ఆడవాళ్ళలో ఎక్కువగా చూశాను. వీళ్ళని నెట్టకూడదు. "రోజుకి ఐదు వందల అడుగులు పెంచు" అన్న సలహా వీళ్ళకి విషం. చేసే పనిని ముక్కలు చేసుకుని, ఒంట్లో ఇంకా శక్తి ఉండగానే ఆపడం వీళ్ళు నేర్చుకోవాలి. కూరలు కూర్చుని తరగడం, స్నానం చేసినరోజు బట్టలు ఉతక్కపోవడం, అంత చిన్న విషయాలే. కండ పోయినవాడికీ, వీళ్ళకీ బయటికి చూస్తే ఒకటే నీరసం. తేడా మర్నాడు తెలుస్తుంది. అందుకే నేను ఎవరినైనా మొదట అడిగేది నిన్న ఏం చేశారు, ఇవాళ ఎలా ఉన్నారు అని. ఈ తేడా తెలియక తొలి రోజుల్లో నేను ఇద్దరు ముగ్గురిని నెట్టాను. ఒకావిడ నా ఫోను ఎత్తడం మానేసింది. ఆవిడదే న్యాయం.

చివరగా ఒక హెచ్చరిక, ఇది అటువైపు నుంచి. ఐదేళ్ళు దాటింది. ఇప్పుడు ఏం వచ్చినా కోవిడ్ వచ్చిందిగా, దానివల్లే అనేస్తున్నాం. ఒకాయన మూడు నెలలు దగ్గుతూ అదే మాట చెప్పారు. తాంబరం శానిటోరియంలో కఫం పరీక్ష చేయిస్తే టీబీ. ఇంకొకావిడ నీరసం కోవిడ్ కాదు, హిమోగ్లోబిన్ ఏడు. థైరాయిడ్, షుగరు, రక్తహీనత, టీబీ, ఇవన్నీ చూసి, ఏవీ కావని తేలాకే ఆ పేరు పెట్టాలి. వేరే కారణం దొరక్కపోతేనే అని నిర్వచనంలోనే ఉంది కదా.

డబ్బు లేదు, ఎక్కడికి వెళ్ళాలి అంటారా? తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మక్కళై తేడి మరుత్తువం పెట్టింది, అంటే జనాన్ని వెతుక్కుంటూ వెళ్ళే వైద్యం. అందులో బీపీ, షుగరు మందులతో పాటు ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేయడం కూడా ఉంది. మన వాళ్ళు చాలామందికి తెలియదు, తెలిసినా అడగరు. మీ వార్డు ఆరోగ్య కేంద్రంలో అడగండి. నా పొట్ట మీద కొట్టుకున్నట్టే గానీ, అడగండి.

(ప్రశ్నలు)

ఒక మహిళ: జుట్టు కుప్పలుగా ఊడిందండీ నాకు. అదీ దీనివల్లేనా?

పెద్ద జ్వరం ఏదొచ్చినా రెండు మూడు నెలలకి జుట్టు ఊడుతుందమ్మా. కాన్పు తరవాత ఊడదూ, అలాగే. ఆరు నెలల్లో చాలావరకు తిరిగి వస్తుంది. తలనీలాలు మొక్కుకుని, ఇవ్వడానికి వెళ్ళేలోపే ఊడిపోయాయని ఒకాయన తెగ దిగులుపడ్డారు.

ఒక యువకుడు: కుర్రాళ్ళు జిమ్‌లో పడి చనిపోతున్నారు, టీకా వల్ల అంటున్నారు.

భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, ఇదే ప్రశ్న పెట్టుకుని 18 నుంచి 45 ఏళ్ళ మధ్య ఆకస్మికంగా చనిపోయిన 729 మంది వివరాలు తీసి, బతికున్న 2,916 మందితో పోల్చింది బాబూ. ఆ ఫలితం 2023లో వచ్చింది. టీకా వల్ల ప్రమాదం పెరిగినట్టు కనపడలేదు, రెండు డోసులు వేసుకున్నవాళ్ళలో తగ్గింది. పెరిగింది ఎవరిలో? కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళలో, ఇంట్లో ఎవరైనా అలా చనిపోయినవాళ్ళలో, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగినవాళ్ళలో, లేదా ఒంటికి మించి శ్రమపడినవాళ్ళలో. కాబట్టి ఐసీయూ చూసొచ్చినవాళ్ళు జిమ్‌కి వెళ్ళేముందు గుండె పరీక్ష చేయించుకోండి.

ఒక పెద్దాయన: మా అన్నయ్యకి 2021లో ముప్పై రోజులు ఆక్సిజను. అలిపిరి మెట్లు ఎక్కి వస్తానని అప్పుడే మొక్కుకున్నాడు. ఇప్పుడు డెబ్భై ఒకటి. ఎక్కొచ్చా?

మా కంపోజిటరుగారిదీ ఇదే మొక్కు మాస్టారూ. 3,550 మెట్లు. ఆయన కాగితం మీద లెక్క వేశారు: ఆయన ఇంటి మెట్లు 209 సార్లు ఎక్కితే అలిపిరి. గోడ మీద పెన్సిలుతో గీతలు పెడుతున్నారు. ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటూ రోజుకి 18 సార్లు ఎక్కి దిగుతున్నారు. ఈలోపు రెండుసార్లు బస్సులో కొండకి వెళ్ళొచ్చారు. కానీ మొక్కు బాకీ అలాగే ఉంది, వడ్డికాసులవాడు కదా, ఎంత వడ్డీ అయిందో అని ఆయన బెంగ.

మీ అన్నయ్యగారి సంగతి చూడకుండా చెప్పలేను. ముందు గుండె డాక్టరుకి చూపించండి. ఆయన సరేనంటే, కుర్చీలోంచి ఒక నిమిషం ఆపకుండా లేచి కూర్చునే పరీక్ష చేద్దాం. పక్కన మనిషి ఉండాలి, వేలికి ఆక్సిమీటరు ఉండాలి. మొదట 97 ఉండి, నిమిషం తరవాత 93కో అంతకంటే కిందికో పడితే కొండ మాట పక్కనపెట్టి ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పడకపోతే ఆరు నెలలు తయారీ. శ్రీవారి మెట్టు దగ్గరి దారి కదా, 2,388 మెట్లే కదా అంటారు అందరూ. ఆ దారి పొట్టిదే గానీ రెండు కిలోమీటర్లలోనే అంత ఎత్తూ ఎక్కాలి, వరసగా మెట్లే. అలిపిరి తొమ్మిది కిలోమీటర్లు, పొడుగే గానీ మధ్యలో చదును నేల వస్తుంది, కూర్చోవడానికి చోటుంటుంది. ఆయాసం మనిషికి నేనైతే అలిపిరే చెబుతాను, అదీ చలికాలంలో.

ఎక్కడుంటారు వాళ్ళు? వ్యాసర్‌పాడి. నేను మంగళవారం అటువైపే వస్తాను. పాత డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టులు అన్నీ తీసి పెట్టమనండి, సంచీ అడుగున ఉన్నవి కూడా. మీ ఇంటికి ఎన్ని మెట్లు?